పొడి చర్మానికి ఏ నూనె? ఎంత? ఎప్పుడు?

పెద్దవాళ్లకు మెడ నుంచి పాదాల దాకా, ముఖంతో సహా ఒకసారి క్రీము సరిగ్గా పట్టించాలంటే సుమారు 20 గ్రాములు కావాలి. చర్మవైద్యులు దీన్ని వేలి కొసతో కొలుస్తారు. చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబులోంచి పిండిన క్రీము అర గ్రాము తూగుతుంది. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ముఖానికీ మెడకూ కలిపి రెండున్నర కొలతలు, ఒక్కో చేతికి 4, పాదంతో కలిపి ఒక్కో కాలికి 8, ఛాతీ, పొట్ట భాగానికి 7, వీపుకు 7. అన్నీ కూడితే 40 దాటుతాయి. 1991 నుంచి వైద్యులు వాడుతున్న లెక్క ఇది.

ఇప్పుడు దుకాణంలో ‘ప్రకృతి సహజం’ అని రాసి ఉన్న 50 గ్రాముల డబ్బా తీసుకుని చూడండి. ఒంటికంతా రాస్తే రెండున్నర సార్లకు ఖాళీ అవుతుంది. చేతులకూ కాళ్లకూ మాత్రమే రాసుకున్నా పూటకు 12 గ్రాములు, రోజుకు రెండు పూటలా అయితే నెలకు 720 గ్రాములు. వంద గ్రాముల డబ్బా 500 రూపాయలనుకుంటే నెల ఖర్చు 3,600. ఎవరు పెట్టగలరు? అందుకే చాలామంది బఠానీ గింజంత తీసి, రెండు చేతులకూ పులిమి, ‘ఇది కూడా పనిచేయలేదు’ అని పక్కన పెట్టేస్తారు. లోపం చాలాసార్లు క్రీములో కాదు, రాసే మోతాదులో ఉంటుంది. పిల్లల ఎగ్జిమాకు బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు వారానికి 250 నుంచి 500 గ్రాముల మాయిశ్చరైజర్ వాడమంటాయి. ధారాళంగా వాడగలిగినదే పొడి చర్మానికి మంచి మందు. మన ఇళ్లలో నూనె సీసాకు ఉన్న మొదటి అర్హత అదే. నూనె పలచగా పాకుతుంది కాబట్టి చేతులకూ కాళ్లకూ పూటకు రెండు చిన్న చెంచాలు, అంటే 10 మిల్లీలీటర్లు చాలు.

అయితే ఏ నూనె అన్న ప్రశ్నకు ‘ఏదైనా సహజమే కదా’ అన్నది జవాబు కాదు. ఆ జవాబు వెతకాలంటే ముందు చర్మానికి తక్కువైనదేమిటో తెలియాలి.

తక్కువైనది నూనె కాదు, నీరు

మన చర్మం పైపొర మందం మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు. అందులో 15–20 వరుసల మృతకణాలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. గోడలో ఇటుకల్లా కణాలు, ఇటుకల మధ్య సున్నంలా కొవ్వులు. ఈ కొవ్వుల్లో దాదాపు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలు. కణాల లోపల అమైనో ఆమ్లాలు, లాక్టిక్ ఆమ్లం, యూరియా వంటివి నీటిని పట్టి ఉంచుతాయి.

1952లో అమెరికాలో ఇర్విన్ బ్లాంక్ అనే శాస్త్రవేత్త గట్టిపడ్డ చర్మపు ముక్కల మీద ఒక ప్రయోగం చేశాడు. ఎండిపోయి పెళుసైన ముక్కలను నూనెలో ఎంతసేపు నానబెట్టినా మెత్తబడలేదు. నీరు తగిలితే మెత్తబడ్డాయి. పైపొరలో నీటి శాతం 10 కన్నా తగ్గితే చర్మం పెళుసుబారుతుందన్న లెక్క అక్కడి నుంచే వచ్చింది. గోరుతో గీస్తే పిండి రాలినట్టు తెల్ల గీత పడుతోందంటే పైపొరలో నీరు బాగా తగ్గిందన్నమాట.

కాబట్టి మాయిశ్చరైజర్ చేయాల్సిన పనులు మూడు. నీటిని పట్టి ఉంచాలి. గ్లిజరిన్, యూరియా, తేనె ఆ పని చేస్తాయి. కణాల మధ్య సందులు నింపాలి. అది నూనెల పని. ఉన్న నీరు ఆవిరై పోకుండా పైన మూత వేయాలి. అది మైనాలు, చిక్కని కొవ్వులు, పెట్రోలియం జెల్లీ చేసే పని. ఒక్క కలబంద గుజ్జు రాసుకుని చర్మం బిగుసుకుపోతోందని బాధపడేవాళ్లకు కారణం ఇక్కడే దొరుకుతుంది. ఆ గుజ్జులో 98–99 శాతం నీరే. అది ఆరిపోగానే చర్మం మళ్లీ మొదటికొస్తుంది. మీద నూనె పడితేనే దానివల్ల ప్రయోజనం. పెరట్లోని మట్ట కోస్తే తొక్క కింద నుంచి పసుపు పచ్చని జిగురు కారుతుంది. సున్నితమైన చర్మాన్ని మండించేది అదే. మట్టను నిలువుగా ఆనించి ఆ పసరంతా కారిపోనిచ్చి, కడిగి, లోపలి తెల్ల గుజ్జు మాత్రమే తీసుకోవాలి.

నూనెల లోగుట్టు

నూనె సీసా మీద ఎక్కడా కనిపించని రెండు పేర్లు పొడి చర్మానికి ముఖ్యం: లినోలెయిక్ ఆమ్లం, ఒలెయిక్ ఆమ్లం. మొదటిది చర్మం తన సెరమైడ్ల తయారీలో వాడుకుంటుంది. రెండోది ఎక్కువైతే కణాల మధ్య కొవ్వుల అమరికను చెదరగొడుతుంది.

కుసుమ నూనెలో లినోలెయిక్ 70 శాతం పైమాటే. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో సుమారు 60. నువ్వుల నూనెలో రెండూ దాదాపు సమానం, చెరో 40 శాతం. పల్లీ నూనెలో ఒలెయిక్‌దే పైచేయి. ఆలివ్ నూనెలో ఒలెయిక్ 55 నుంచి 83 శాతం దాకా ఉంటుంది. బాదం నూనెలోనూ 60 దాటుతుంది. కొబ్బరినూనె ఈ రెండు జాతులకూ చెందదు. అందులో సగం దాకా లారిక్ ఆమ్లం, లినోలెయిక్ 2 శాతం దగ్గర్లో ఉంటుంది.

ఈ అంకెలకు చర్మం మీద అర్థమేమిటో 2013లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ పరీక్ష ఒకటి చూపింది. 19 మంది పెద్దవాళ్ల ముంజేతుల మీద కొన్ని చుక్కల ఆలివ్ నూనె, పొద్దుతిరుగుడు నూనె వారాల తరబడి రాయించారు. పొద్దుతిరుగుడు నూనె రాసిన చోట పైపొర చెక్కుచెదరలేదు, తడి పెరిగింది. ఆలివ్ నూనె రాసిన చోట పైపొర బలహీనపడింది, కొందరికి ఎర్రబారింది కూడా. ఖరీదు చూసి, విదేశీ పేరు చూసి పసిబిడ్డలకు ఆలివ్ నూనె కొనే తల్లిదండ్రులు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. వంటకు అది ఎంత మంచిదైనా పొడి చర్మానికి కాదు.

ఆవనూనె సంగతీ అంతే. మన దగ్గర వాడకం తక్కువైనా ఉత్తరాదిలోనూ బంగ్లాదేశ్‌లోనూ పిల్లల ఒంటికి అదే రాస్తారు. 2002లో వెలువడిన, ఎలుకల మీద చేసిన పరీక్షలో పొద్దుతిరుగుడు నూనె దెబ్బతిన్న పైపొరను గంటలోనే కోలుకునేలా చేయగా, ఆవనూనె ఆ కోలుకోవడాన్ని ఆలస్యం చేసింది. ఢాకాలోని శిశు ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె పట్టించి చూసిన పరీక్ష 2005లో వెలువడింది. ఏమీ రాయని పిల్లలతో పోలిస్తే ఆసుపత్రిలో అంటుకునే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయి. వంటింట్లో దొరికే నూనె పసిప్రాణాలకు కవచమైంది. ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా కదిలించిన అంకె అదే.

అలాగని పొద్దుతిరుగుడు నూనె సర్వరోగ నివారిణి కాదు. మాంచెస్టర్‌లో నెలలు నిండి పుట్టిన 115 మంది శిశువుల మీద జరిగిన పరీక్షలో ఆలివ్ నూనె రాసినా, పొద్దుతిరుగుడు నూనె రాసినా, ఏ నూనే రాయని పిల్లలతో పోలిస్తే చర్మపు కొవ్వుల అమరిక తక్కువ క్రమంగా ఉంది. బ్రిటన్‌లోనే 1,394 మంది శిశువులతో జరిగి 2020లో ఫలితాలు వెలువడిన మరో పెద్ద పరీక్షలో, ఏడాది పాటు రోజూ మాయిశ్చరైజర్ రాసిన పిల్లల్లో 23 శాతానికీ, రాయనివాళ్లలో 25 శాతానికీ ఎగ్జిమా వచ్చింది. దాదాపు తేడా లేదు. పొడి లేని పసిచర్మానికి ‘ముందు జాగ్రత్తగా’ ఏదో ఒకటి పులమాల్సిన అవసరం లేదని దీని సారం.

ఇక మన కొబ్బరినూనె. లినోలెయిక్ దాదాపు లేదు కదా, మరి ఎలా పనిచేస్తుంది? దాని సంతృప్త కొవ్వులు పైపొర మీద నిలిచి నీటిని ఆపుతాయి. లారిక్ ఆమ్లానికి బ్యాక్టీరియాను అణచే గుణం ఉంది. ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లల మీద 8 వారాలు జరిగిన పరీక్ష 2014లో ప్రచురితమైంది. వర్జిన్ కొబ్బరినూనె రాసినవాళ్లలో జబ్బు తీవ్రత 68 శాతం తగ్గింది. మినరల్ ఆయిల్ రాసినవాళ్లలో 38 శాతం. అక్కడే పెద్దవాళ్ల మీద జరిగిన మరో పరీక్షలో, ఎగ్జిమాను రెచ్చగొట్టే స్టాఫ్ బ్యాక్టీరియా చర్మం మీద ఉన్న 20 మందిలో కొబ్బరినూనె వాడాక ఒక్కరికే మిగిలింది. ఆలివ్ నూనె వాడిన 12 మందిలో ఆరుగురికి మిగిలే ఉంది. ఇంత బలమైన సాక్ష్యం మన ఇంటి నూనెల్లో మరోదానికి తక్కువ. ఒక్క హెచ్చరిక: మొటిమలు వచ్చే ముఖానికి కొబ్బరినూనె వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి.

గానుగ నూనె గురించి ఒక మాట చెప్పాలి. తినడానికి గానుగ నూనె కోరుకునేవాళ్లు ఒంటికీ అదే మంచిదనుకుంటారు. పల్లీ, నువ్వుల నూనెల విషయంలో ఇది తిరగబడుతుంది. గానుగలో తీసిన నూనెలో గింజ ప్రొటీన్లు కొంత మిగులుతాయి. పగిలిన, ఎర్రబారిన చర్మం గుండా అవి లోపలికి వెళితే శరీరం వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. 2003లో బ్రిటన్ పిల్లల మీద వెలువడిన అధ్యయనంలో, మంటెక్కిన చర్మానికి పల్లీ నూనె ఉన్న క్రీములు రాయడానికీ, తర్వాత పల్లీ అలర్జీ రావడానికీ గట్టి సంబంధం కనబడింది. ఎగ్జిమా ఉన్న బిడ్డకు పల్లీ నూనె రాయకపోవడమే మంచిది.

డబ్బా మీద ఏం చదవాలి

‘98 శాతం సహజం’ అన్న అంకె చూసి మురిసిపోకండి. సహజ పదార్థాల శాతాన్ని లెక్కగట్టే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 16128. దాని ప్రకారం నీటిని కలుపుకుని కూడా ఆ శాతం చెప్పవచ్చు. లోషన్‌లో 70–80 శాతం నీరే ఉంటుంది కాబట్టి పెద్ద అంకె రావడం కష్టమేమీ కాదు.

అంతకన్నా నిజం చెప్పేది వెనకవైపు చిన్న అక్షరాల జాబితా. మన దేశ నిబంధనల ప్రకారం 1 శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాయవచ్చు. ముందువైపు పెద్ద బొమ్మ వేసిన కుంకుమపువ్వు, వెనక జాబితాలో నిల్వకారకాల పక్కన కనబడితే అది చిటికెడు కూడా లేదని అర్థం. పొడి చర్మం ఉన్నవాళ్లు మొదటి నాలుగైదు పేర్లలో గ్లిజరిన్ ఉందా, ఏదైనా వెన్న లేదా నూనె ఉందా అని చూస్తే చాలు.

తర్వాత చూడాల్సింది వాసన. సున్నితమైన చర్మానికి ప్రధాన శత్రువుల్లో పరిమళం ఒకటి, అది పువ్వుల నుంచి వచ్చినా సరే. యూరప్‌లో 26 పరిమళ రసాయనాలను అలర్జీ కారకాలుగా గుర్తించి, ఒంటి మీద ఉండిపోయే క్రీముల్లో 0.001 శాతం మించితే పేరు రాసి తీరాలన్నారు. 2023లో ఆ జాబితా 80 దాటింది. 0.001 శాతమంటే 100 గ్రాముల క్రీములో 1 మిల్లీగ్రాము. ఇంట్లో చేసుకున్న 100 గ్రాముల వెన్నలో ఒకే ఒక్క చుక్క లావెండర్ తైలం వేశారనుకోండి. ఆ చుక్క సుమారు 30 మిల్లీగ్రాములు. అందులో మూడో వంతు ఆ జాబితాలోని లినలూల్, అంటే 10 మిల్లీగ్రాములు. పేరు రాయమన్న హద్దుకు పదింతలు! ఆ హద్దు ప్రమాదానికి కొలమానం కాదు, హెచ్చరిక మాత్రమే. కానీ సున్నితమైన చర్మం ఉన్నవాళ్ల కోసమే ఆ హెచ్చరిక పుట్టింది. టీ ట్రీ, నిమ్మగడ్డి, దాల్చిన చెక్క తైలాలు, రోజ్‌వాటర్... వీటి విషయంలోనూ ఇదే జాగ్రత్త.

నిల్వకారకాలు లేవని గొప్పగా చెప్పే క్రీములను కూడా అనుమానంతో చూడండి. నీరున్న ప్రతి క్రీములోనూ బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. వాటిని ఆపే పదార్థం లేకపోతే పగిలిన చర్మానికి ఇన్ఫెక్షన్ రాస్తున్నట్టే. అందరూ భయపడే పారాబెన్లను అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2019లో ‘అలర్జీ కలిగించని’ పదార్థంగా ప్రకటించింది. నిల్వకారకాలు అసలే వద్దనుకుంటే నీరు లేని సరుకు ఎంచుకోండి: శుద్ధమైన నూనె, షియా వెన్న, కోకమ్ వెన్న, తేనెమైనం కలిపిన బామ్. నెయ్యిని నూరుసార్లు నీళ్లతో కడిగి తెల్లటి వెన్నలా చేసే శతధౌత ఘృతం మన ఆయుర్వేదంలోని పాత మాయిశ్చరైజర్. అందులో నీరు కలిసి ఉంటుంది కాబట్టి కొద్దికొద్దిగా చేసుకుని, ఫ్రిజ్‌లో పెట్టి, త్వరగా వాడేయాలి.

వంటింటి నుంచి ముఖానికి ఎక్కకూడనివి కూడా ఉన్నాయి. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర, తినే సోడా పీహెచ్ 8 పైన. చర్మం పీహెచ్ 4.5 నుంచి 5.5. నిమ్మజాతి రసం రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి నల్ల మచ్చలు పడే ప్రమాదమూ ఉంది.

పెట్రోలియం జెల్లీ సహజం కాదు గదా అని మడమల పగుళ్లతో బాధపడుతూ కూర్చునేవాళ్ల మీద నాకు జాలి. నీరు ఆవిరి కావడాన్ని అది 98 శాతం దాకా ఆపగలదు. లానోలిన్, మినరల్ ఆయిల్ వంటివి 20–30 శాతం దగ్గరే ఆగుతాయి. వాసన లేదు, అలర్జీ చాలా అరుదు, ధర తక్కువ. పెదవులకూ మడమలకూ దాన్ని వాడితే ఏ సిద్ధాంతమూ చెడదు.

ముందా, తర్వాతా?

మన అలవాటు నూనె రాసుకుని, నలుగు పెట్టుకుని, తలంటు పోసుకోవడం. భోగి నాడైనా దీపావళి నాడైనా అదే వరుస. అందులో మేలు ఉంది: ముందు పట్టించిన నూనె సబ్బు దాడి నుంచి కొంత కాపాడుతుంది. కానీ సున్నిపిండి ఆ నూనెనంతా తుడిచేస్తుంది, స్నానం అయ్యాక చర్మం మీద మూత మిగలదు. పొడి చర్మం ఉన్నవాళ్లకు అసలు ముఖ్యమైన ఘడియ స్నానం తర్వాతి 3 నిమిషాలు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, చర్మం మీద ఇంకా చెమ్మ ఉండగానే నూనె పట్టించాలి. తడి ముంజేతి మీద ఐదారు చుక్కల కొబ్బరినూనె వేసి కిందికి నిమిరితే మొదట నీళ్లు, నూనె విడివిడిగా జారుతున్నట్టే ఉంటాయి. అర నిమిషంలో రెండూ కలిసి పలచటి పొరగా సర్దుకుంటాయి. జిడ్డు కూడా పొడి చర్మం మీద రాసినంత ఉండదు.

ఇంకా పొడిగా ఉంటే నూనెకు ముందు గ్లిజరిన్ వాడండి. మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ పది చుక్కలు ఒక చిన్న చెంచా నీటిలో కలిపితే సుమారు 10 శాతం ద్రావణం అవుతుంది. ఏ పూటకాపూట అరచేతిలో కలుపుకుని రాసి, మీద నూనె పట్టించాలి. నీళ్లు కలపని గ్లిజరిన్ పగుళ్ల మీద మండుతుంది.

స్నానం గోరువెచ్చని నీటితో, 5–10 నిమిషాల్లో ముగించండి. మామూలు సబ్బు పీహెచ్ 9–10. రోజూ ఒళ్లంతా రుద్దే బదులు చంకలు, గజ్జలు, పాదాలకు పరిమితం చేస్తే పొడి తగ్గుతుంది. సున్నిపిండి వాడేవాళ్లు వస్త్రగాళితం పట్టిన మెత్తని పిండే వాడాలి. బరక పిండి సున్నితమైన చర్మాన్ని గీరుతుంది.

పొద్దుతిరుగుడు, కుసుమ నూనెలు గాలికి త్వరగా చెడతాయి. చిన్న సీసాలో చీకటి చోట ఉంచి, ముక్కవాసన వస్తే పారేయండి. కొబ్బరినూనె నెలల తరబడి నిలుస్తుంది. నూనెలు, జెల్లీలు ఇంకిన బట్టలు నిప్పు తగిలితే ఇట్టే అంటుకుంటాయి, సహజమైనవైనా సరే. పొయ్యి దగ్గర, దీపం దగ్గర జాగ్రత్త.

రెండు వారాలు సరైన మోతాదులో వాడినా దురద తగ్గకపోతే, నిద్ర చెడితే, రసి కారితే చర్మవైద్యుణ్ణి కలవాలి. వయసు మీరినవాళ్లలో ఒళ్లంతా విడవని పొడి, దురద ఉంటే థైరాయిడ్, మూత్రపిండాలు, షుగర్ పరీక్షలు అవసరం కావచ్చు. ఒకేచోట రంగు తగ్గిన పొడి మచ్చ ఉండి అక్కడ స్పర్శ లేకపోతే ఏ నూనే రాయకుండా వెంటనే చూపించుకోవాలి. అది కుష్ఠువు లక్షణం కావచ్చు, తొందరగా పట్టుకుంటే మందులతో పూర్తిగా నయమవుతుంది.

ఇన్ని అంకెల తర్వాత నా తీర్పు ఇది: ఒంటికి వాసన కలపని కొబ్బరినూనె, కొబ్బరి పడనివాళ్లకూ, మొటిమల ముఖానికీ కుసుమ లేదా పొద్దుతిరుగుడు నూనె, కింద కాస్త గ్లిజరిన్, మడమలకు జెల్లీ. వీటిలో మీకు ఏది కొత్తదైనా ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున 7 రోజులు రాసి, దురదగానీ ఎరుపుగానీ లేదని చూసుకున్నాకే ముఖానికి, పిల్లలకు వాడండి.